వెంటపడేది ఎప్పుడూ మగదేనా? రెండు మచ్చల గోబీ చెప్పే సాక్ష్యం

రెండు మచ్చల గోబీ యూరప్ పశ్చిమ తీరం పొడవునా కనిపించే చిన్న సముద్రపు చేప. ఉత్తరాన నార్వే నుంచి దక్షిణాన ఐబీరియా ద్వీపకల్పం వరకు, బ్రిటిష్ దీవుల చుట్టూ, బాల్టిక్ సముద్రంలోనూ ఇది ఉంటుంది. నిడివి ఐదారు సెంటీమీటర్లు. దీని శాస్త్రనామం గోబియస్క్యులస్ ఫ్లావెసెన్స్. ఇటీవలి వర్గీకరణలో పొమాటోస్కిస్టస్ ఫ్లావెసెన్స్ అని కూడా రాస్తున్నారు. గోదావరి, కృష్ణా నదుల్లో దొరికే ఇసుక దొందు కూడా గోబీల బలగంలోదే. గోబీల్లో చాలా రకాలు అడుగున ఇసుకనో రాళ్లనో అంటిపెట్టుకుని బతుకుతాయి. ఇది మాత్రం కెల్ప్ నాచు గుబురుల అంచున, నీటి మధ్యలో గుంపులుగా ఈదుతుంది. దీని ఆయుష్షు దాదాపు ఏడాది. ఒక చేపకు దక్కేది సాధారణంగా ఒక్క సంతానోత్పత్తి కాలమే. జంతువుల ప్రణయ ప్రవర్తన గురించి ఎన్నో తరాలుగా చెప్పుకుంటున్న ఒక సూత్రం ఈ చేప దగ్గర నిలబడదు.

ఆ సూత్రం ఇది: మగది వెంటపడుతుంది, ఆడది ఎంచుకుంటుంది. పోటీ మగవాటి మధ్య, బెట్టు ఆడవాటిది. రంగులు, కొమ్ములు, పింఛాలు మగవాటికి, సాదాతనం ఆడవాటికి. ఇది ఆయా జాతుల పుట్టుకలోనే ఉన్న స్వభావమని, కాలంతోనూ చోటుతోనూ మారదని పాఠ్యపుస్తకాలు, ప్రకృతి చిత్రాలు, పత్రికల శీర్షికలు చెబుతూ వచ్చాయి. దీనికి లొంగని జీవి ఎదురైతే అపవాదమని పక్కన పెట్టడం ఆనవాయితీ. ఈ అభిప్రాయం తప్పు. మగది వెంటపడటం చాలా జంతువుల్లో తరచుగా కనిపించే మాట నిజమే. కానీ తరచుగా కనిపించేదంతా స్వభావం కాదు. ఎవరు వెంటపడతారో, ఎవరు ఎంచుకుంటారో తేల్చేది ఆ చోట, ఆ వారంలో జతకట్టడానికి సిద్ధంగా ఉన్న మగ, ఆడ జీవుల లెక్క. లెక్క తిరగబడితే పాత్రలూ తిరగబడతాయి.

పూర్వపక్షం

ఖండించే ముందు పూర్వపక్షాన్ని దాని బలమైన రూపంలోనే చెప్పాలి. 1871లో చార్లెస్ డార్విన్ ‘ది డిసెంట్ ఆఫ్ మ్యాన్’ గ్రంథంలో లైంగిక వరణాన్ని విస్తారంగా ప్రతిపాదించాడు. మగవాటి ఆయుధాలకూ అలంకారాలకూ మూలం మగవాటి పోటీ, ఆడవాటి ఎంపిక అన్నాడు. ఫలారోప్ వంటి కొన్ని పక్షుల్లో ఆడవే రంగు తేలి ఉంటాయని, పాత్రలు తారుమారై ఉంటాయని ఆయనకు తెలుసు. వాటిని విడిగా చర్చించాడు కూడా. తరువాతి ప్రచారంలో ఆ చర్చ మరుగున పడి, మొదటి సగమే మిగిలింది.

1948లో ఆంగస్ బేట్‌మన్ పండ్ల ఈగల మీద చేసిన ప్రయోగాలతో ఈ సూత్రానికి అంకెల బలం వచ్చింది. ఎక్కువ జోళ్లు దొరికిన కొద్దీ మగ ఈగ సంతానం పెరుగుతుంది, ఆడ ఈగకు ఆ లాభం అంతగా లేదు అన్నది ఆయన నిర్ణయం. అండం పెద్దది, ఖరీదైనది. శుక్రకణం చిన్నది, చవకైనది. కనుక మగది ఆత్రపడుతుంది, ఆడది ఆచితూచి అడుగు వేస్తుంది అన్నది దాని వెనుక తర్కం. 1972లో రాబర్ట్ ట్రివర్స్ ఈ తర్కాన్ని విస్తరించాడు. సంతానం కోసం ఎక్కువ వెచ్చించే లింగం ఎంచుకుంటుందని, తక్కువ వెచ్చించేది పోటీ పడుతుందని ఆయన వాదించాడు. ట్రివర్స్ మాటలో ఒక వెసులుబాటు ఉంది. వెచ్చింపు మగదానిదైతే పాత్రలు మారవచ్చు. అయినా జనంలోకి వెళ్లిన రూపంలో ఆ వెసులుబాటు కూడా గట్టిపడి, ఈ జాతిది ఈ పాత్ర, ఆ జాతిది ఆ పాత్ర అనే పట్టికగా మారింది.

గోబీ సంసారం

స్వీడన్ పశ్చిమ తీరంలో, గుల్మార్ ఫియర్డ్ ప్రాంతంలో, ఈ చేప సంతానోత్పత్తి కాలం ఏప్రిల్ చివర లేదా మే నెలలో మొదలై జూలైలో ముగుస్తుంది. మగచేప ముందుగా గూడు సంపాదించుకుంటుంది. ఖాళీ ఆల్చిప్ప కావచ్చు, కెల్ప్ నాచు వేరు లాంటి పట్టులోని సందు కావచ్చు. దాన్ని శుభ్రం చేసి కాపలా కాస్తుంది. ఆడచేప ఆ గూటి లోపలి గోడకు ఒకే పొరగా గుడ్లు అంటించి వెళ్లిపోతుంది. అక్కడి నుంచి బాధ్యతంతా మగదానిదే. రెక్కలతో విసురుతూ గుడ్లకు కొత్త నీరు అందించడం, పాడైన గుడ్లు తీసేయడం, తినడానికి వచ్చినవాటిని తరమడం దాని పనులు. నీటి వేడిని బట్టి ఒకటి నుంచి మూడు వారాల్లో గుడ్లు పొదుగుతాయి.

ఒక గూట్లో ఒకే ఆడచేప గుడ్లు ఉండాలని లేదు. మగది ఒకే సమయంలో పలు ఆడచేపల గుడ్లను కాస్తుంది. ఆడది ఒక విడత గుడ్లు పెట్టాక తిండి తిని, మళ్లీ జన నింపుకుని, మరో గూటిని వెతుక్కుంటుంది. ఒక కాలంలో ఇలా పలు విడతలు పెట్టగలదు. 2009లో వెలువడిన జన్యు పరిశీలన గూటి కాపరి మగచేపలు పలు ఆడచేపలతో జతకట్టడం సాధారణమని, వాటి గూళ్లలో పరాయి మగవాటి సంతానం తక్కువని తేల్చింది. అంటే మగది కాచే గుడ్లు చాలామటుకు దాని సొంత గుడ్లే.

రూపంలోనూ రెండింటికీ తేడా ఉంది. మగదానికి ఒంటి మీద రెండు నల్లమచ్చలు, పక్కల వెంట మెరిసే నీలి చుక్కలు, పెద్ద రెక్కలు. ఆడదానికి తోక మొదట్లో ఒక మచ్చ మాత్రమే. కానీ గుడ్లు పండే రోజుల్లో దాని పొట్ట ఉబ్బి, పసుపు కలిసిన నారింజ రంగుకు తిరుగుతుంది. మగది జోడు కోసం రెక్కలు విచ్చి, ఒళ్లు వణికిస్తూ ఆడదాని దగ్గరకు వచ్చి, మెలికలు తిరుగుతూ గూటి వైపు దారి తీస్తుంది. ఆడదానికీ సొంత విన్యాసం ఉంది. ఒంటిని వంపు తిప్పి, రంగు తేలిన పొట్ట మగదానికి కనబడేలా నిలబడుతుంది. సూత్రం ప్రకారం ఈ రెండో విన్యాసం అక్కర్లేనిది. అయినా అది ఉంది, దానికి కాలమూ ఉంది.

మే నెల, జూలై నెల

ఎలిసబెత్ ఫోర్స్‌గ్రెన్, ట్రోండ్ అముండ్సెన్, వారి సహచరులు ఈ చేపను అక్వేరియం అద్దాల వెనక కాక సముద్రంలోనే, సంతానోత్పత్తి కాలమంతా గమనించారు. ఆ ఫలితాలు 2004లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. కాలం మొదట్లో కనిపించిన దృశ్యం పాఠ్యపుస్తకానికి అచ్చంగా సరిపోతుంది. మగవి ఒకదాన్నొకటి తరుముకుంటాయి. గూళ్ల కోసం పోట్లాడతాయి. ఎదురైన ఆడచేపల ముందల్లా విన్యాసాలు చేస్తాయి. ఆడవి చూసీ చూడనట్టు సాగిపోతాయి. మే నెలలో వచ్చి, రెండు వారాలు గమనించి వెళ్లిన పరిశీలకుడు ఈ జాతిలో మగది వెంటపడుతుంది, ఆడది ఎంచుకుంటుంది అని నిస్సంకోచంగా రాసుకుని పోయేవాడు.

కాలం గడిచే కొద్దీ దృశ్యం మారింది. మగవి క్రమంగా తగ్గిపోయాయి. మిగిలిన మగవాటిలో చాలావాటి గూళ్లలో అప్పటికే గుడ్లున్నాయి. జన నిండిన ఆడచేపలు మాత్రం పెరుగుతూ పోయాయి. కాలం చివరికి వచ్చేసరికి పొట్ట ఉబ్బిన ఆడచేపలు గుంపులుగా మగవాటి చుట్టూ చేరాయి, పొట్ట చూపుతూ వంపులు తిరిగాయి, ఒకదాన్నొకటి తరిమాయి. మగవాటి మధ్య పోట్లాటలు సద్దుమణిగాయి, వాటి విన్యాసాలు తగ్గాయి. ఇప్పుడు ఆచితూచి వ్యవహరించేది మగది. జూలైలో వచ్చిన పరిశీలకుడు ఇది పాత్రలు తారుమారైన జాతి అని రాసుకునేవాడు. ఇద్దరు పరిశీలకులూ కళ్లారా చూసిందే రాశారు. అయినా ఇద్దరి నిర్ణయమూ తప్పే.

ఈ ఫలితం బరువు తెలియాలంటే ఏది మారింది, ఏది మారలేదు అన్నది విడదీసి చూడాలి. జాతి మారలేదు. తీరం మారలేదు. తరం కూడా మారలేదు. ఏడాది బతికే చేపలో రెండు మూడు నెలల వ్యవధిలో పరిణామం పనిచేసి కొత్త స్వభావాన్ని పుట్టించే అవకాశం లేదు. అండం పెద్దదిగానే, శుక్రకణం చిన్నదిగానే ఉన్నాయి. గుడ్లు కాచేది మే నెలలోనూ మగదే, జూలైలోనూ మగదే. పూర్వపక్షం పాత్రలకు కారణాలుగా చూపే రెండు అంశాలూ, అంటే బీజకణాల పరిమాణమూ సంతాన పోషణ భారమూ, అలాగే ఉన్నాయి. పాత్రలు మాత్రం తిరగబడ్డాయి. కారణం స్థిరంగా ఉండగా కార్యం మారిందంటే, అసలు కారణం మరెక్కడో ఉండాలి.

ఆ కారణం సిద్ధంగా ఉన్న జోళ్ల నిష్పత్తి. 1977లో స్టీఫెన్ ఎమ్లెన్, లూయిస్ ఓరింగ్ దీన్ని స్పష్టంగా ప్రతిపాదించారు. మొత్తం మగవెన్ని, ఆడవెన్ని అన్నది కాదు లెక్క. ఒకానొక సమయంలో జతకట్టడానికి సిద్ధంగా ఉన్నవి ఎన్ని అన్నది. గూడు లేని మగది, గూడు నిండిన మగది, గుడ్లు పండని ఆడది ఈ లెక్కలోకి రావు. రైలు లేని వేళ స్టేషన్ ముందు ఆటోడ్రైవర్లే ప్రయాణికుల వెంటపడతారు; రైలు దిగిన వేళ ప్రయాణికులే ఆటోల వెంట పరుగెత్తుతారు. రెండు వేళలా మనుషుల తత్వం ఒకటే, మారింది లెక్క. గోబీల విషయంలోనూ అంతే. మే నెలలో సిద్ధంగా ఉన్న మగవాటికి కొదువ లేదు. జూలైలో కొదువ వాటికే.

మొదటి ఆక్షేపణ: అది గత్యంతరం లేక చేసిన పని

ఈ ఫలితాన్ని ఒప్పుకుంటూనే సూత్రాన్ని కాపాడుకునే దారి ఒకటుంది. ఆడదాని అసలు స్వభావం బెట్టే, మగవి కరువైనప్పుడు గత్యంతరం లేక వెంటపడింది, ఆపత్కాలంలో చేసినదాన్ని స్వభావానికి ప్రమాణంగా తీసుకోరాదు అన్నది ఆ వాదం.

ఇందులో ఒక దొంగ లెక్క దాగి ఉంది. మగవి ఎక్కువై పోట్లాడుకున్న మే నెలను సహజమనీ, ఆడవి ఎక్కువై పోట్లాడుకున్న జూలైని ఆపద్ధర్మమనీ ముందే నిర్ణయించుకుంటే తప్ప ఈ వాదం నిలవదు. మే నెలలో మగవి ఆత్రపడటం కూడా జోళ్లు చాలక చేసిన పనే కదా? ఒక కరువును స్వభావమనీ, మరో కరువును అవసరమనీ పిలవడానికి చేప జీవితంలో ఏ ఆధారమూ లేదు. పైగా జూలై విన్యాసం తడబాటుతో చేసే అనుకరణ కాదు. మగది చేసేది ఒకటి, ఆడది చేసేది మరొకటి. పొట్ట చూపే వంపు ఆడదాని సొంత సొత్తు. అలాంటి విన్యాసం, దానికి తగ్గ రంగు ఒక్క ఆపదలో పుట్టుకు రావు. తరతరాలుగా అక్కరకు వచ్చిన సాధనాలే అలా నిలుస్తాయి.

రెండో ఆక్షేపణ: ఆడదాని రంగు కాకతాళీయం

ఆడ జీవుల్లో కనిపించే రంగుకు పాత వివరణ ఒకటుంది. అలంకారం మగవాటి కోసం ఏర్పడింది, వారసత్వంలో కొంత ఆడవాటికీ అంటింది, దానికి సొంత ప్రయోజనం లేదు అన్నది ఆ వివరణ. మగవీ ఆడవీ ఒకే రంగులో ఉండే జాతుల్లో ఈ మాట పరిశీలించదగ్గదే. రెండు మచ్చల గోబీలో దానికి చోటు లేదు. నారింజ పొట్ట మగదానికి లేనే లేదు. మగదానికి లేని అలంకారం మగదాని నుంచి అంటుకోవడం సాధ్యం కాదు.

మరో వివరణ ప్రకారం అది అలంకారమే కాదు. పలచని చర్మం గుండా లోపలి గుడ్ల రంగు కనబడటమే. ఇందులో సగం నిజం ఉంది. గుడ్లలో కెరోటినాయిడ్ వర్ణద్రవ్యాలుంటాయి, చర్మం కొంతవరకు పారదర్శకం. అయితే రంగులో చర్మానికీ వాటా ఉంది. పొట్ట చర్మంలోనే వర్ణకణాలున్నాయి. అవి హార్మోన్ల ప్రభావంతో స్పందిస్తాయని 2008లో వెలువడిన ప్రయోగాలు చూపాయి. లోపలి గుడ్లు కనబడటమే సంగతి అయితే చర్మానికి సొంత రంగుతో పనేముంది?

అసలు ప్రశ్న ఆ రంగు మగదానికి పడుతుందా లేదా అన్నది. అముండ్సెన్, ఫోర్స్‌గ్రెన్ 2001లో ప్రచురించిన అక్వేరియం ప్రయోగాలు దీనికి నేరుగా జవాబిచ్చాయి. రంగు తేలిన ఆడచేపనూ వెలిసిన రంగు ఆడచేపనూ ఎదుట ఉంచితే మగచేప రంగు తేలినదాని దగ్గరే ఎక్కువసేపు గడిపింది, దానికే ఎక్కువ విన్యాసాలు చేసింది. ఎంచుకునే పని ఆడదానిదేనన్న సూత్రానికి ఇది సూటి దెబ్బ. ఇక్కడ ఎంచుకున్నది మగది, అలంకరించుకున్నది ఆడది. మగది ఎంచుకోవడానికి కారణమూ ఉంది. గూటి గోడ విశాలం కాదు, కాపలా కాయగల కాలమూ కొద్దే. ఆ చోటును ఎవరి గుడ్లతో నింపాలన్నది దానికి చిన్న విషయం కాదు. శుక్రకణం చవక కావచ్చు. గూడు చవక కాదు.

మూడో ఆక్షేపణ: ఏమైనా బలవంతుడిదే రాజ్యం

పాత సూత్రానికి ఒక ఉపసూత్రం ఉంది. మగవాటిలో బలమైనది గెలుస్తుంది, ఆడది గెలిచినదాన్ని వరిస్తుంది. కనుక ఎంపిక ఎవరిదైనా ఫలితం ఒకటే అన్నది అది. దీన్ని పరీక్షించడానికి అదే తీరంలో ఇసుక నేలల మీద బతికే ఇసుక గోబీ పనికొచ్చింది. ఇందులోనూ మగది ఆల్చిప్ప కింద గూడు కట్టి, దాని మీద ఇసుక కప్పి, ఒక్క ద్వారం ఉంచి, లోకప్పుకు అంటించిన గుడ్లను కాస్తుంది.

1997లో ఫోర్స్‌గ్రెన్ ప్రచురించిన ప్రయోగాల్లో ఆడ ఇసుక గోబీలు ఎంచుకున్న మగవి గుడ్లను బాగా పొదిగించిన మంచి తండ్రులు. గూటి పోటీలో గెలిచిన బలశాలులూ అవే కావాలన్న నియమం కనబడలేదు. బలమూ తండ్రితనమూ వేర్వేరు గుణాలని, ఆడది రెండోదాన్ని పట్టించుకుంటుందని అది చెప్పింది. అప్పటికే గుడ్లున్న గూళ్లను ఆడవి ఇష్టపడతాయని, దానివల్ల వాటి గుడ్లకు మేలు జరుగుతుందని అంతకుముందు ఏడాది మరో పరిశీలన చూపింది. పోట్లాటలో గెలుపే సర్వస్వమైతే ఈ ఎంపికలకు అర్థం లేదు. ఎంచుకునే పని ఆడదానికి వదిలిన చోట కూడా పాత సూత్రం దాని ఎంపికను మగవాటి కుస్తీకి తోకగా చేసింది. వాస్తవం దాన్ని సమర్థించదు.

నాలుగో ఆక్షేపణ: ఇది ఒక్క చేప కథ

ఒక్క చేపతో నియమం కూలదు, ఇది అపవాదం మాత్రమే అనే వాదం అన్నిటికన్నా తరచుగా వినిపిస్తుంది. అపవాదాల జాబితా పొడవు చూస్తే ఈ వాదం తేలిపోతుంది.

పీకాక్ బ్లెన్నీ అనే మరో చిన్న తీరప్రాంత చేప ఉంది. అడ్రియాటిక్ సముద్రపు రాతి తీరాల్లో గూళ్లకు పనికొచ్చే రంధ్రాలు పుష్కలం. అక్కడ మగవి విన్యాసాలు చేస్తాయి. దక్షిణ పోర్చుగల్‌లోని రియా ఫొర్మోసా లగూన్‌లో నేల ఇసుక, బురద. ఆల్చిప్పల సాగు మడులకు హద్దులుగా పెట్టిన ఇటుకల రంధ్రాలు తప్ప గూళ్లు కరువు. అక్కడ గూడు దొరికిన మగవి కొన్నే. అవి గూడు వదిలి కదలవు. ప్రణయ విన్యాసాల భారమంతా ఆడవాటి మీద పడింది. 1995లో పోర్చుగీసు శాస్త్రవేత్తలు ఈ సంగతి ప్రచురించారు. అదే జాతి, రెండు తీరాలు, రెండు రకాల పాత్రలు. తేడా గూళ్ల సంఖ్యలో ఉంది.

ఇసుక గోబీలో నీటి వేడి కూడా లెక్కను కదిలిస్తుంది. నీరు వెచ్చబడితే గుడ్లు త్వరగా పొదుగుతాయి, మగది త్వరగా ఖాళీ అవుతుంది. ఆడది మళ్లీ గుడ్లు పండించుకునే వేగం అంతగా పెరగదు. ఫలితంగా సిద్ధంగా ఉన్న మగవి పెరిగి, వాటి మధ్య పోటీ ముదురుతుంది. షార్లొట్టా క్వార్నెమో 1990ల్లో చేసిన ప్రయోగాలు దీన్ని నిరూపించాయి. కొన్ని డిగ్రీల వేడి తేడాకే పోటీ తీవ్రత మారిపోయే చోట, ఆ తీవ్రతను జాతి స్వభావమని రాసిపెట్టడం ఏ మాత్రం సబబు?

చేపల్లోనే కాదు, కీచురాళ్ల బంధువులైన కొన్ని ఆస్ట్రేలియా పొద కీటకాల్లోనూ ఇదే జరుగుతుంది. మగది జతకట్టేటప్పుడు ఆడదానికి పోషకాలున్న పొట్లం అందిస్తుంది. తిండి పుష్కలంగా ఉంటే మగవి పోటీ పడతాయి. కరువైతే ఆ పొట్లం కోసం ఆడవి పోటీ పడతాయి. తిండి మార్చి పాత్రలను మార్చిన ప్రయోగం 1990లో ‘నేచర్’లోనే వచ్చింది. ఇక గొట్టం మూతి పైప్ చేపల్లో మగది గర్భం మోస్తుంది. స్వీడన్ తీరంలోనే అధ్యయనం చేసిన జాతుల్లో ఆడవి జోడు కోసం పోటీ పడతాయి. ఒకచోట కాలం, ఒకచోట గూళ్లు, ఒకచోట వేడి, ఒకచోట తిండి. కారణాలు వేరైనా అన్నీ పనిచేసేది ఒకే మీట మీద: సిద్ధంగా ఉన్న జోళ్ల నిష్పత్తి. ఇన్ని ఉదాహరణలను ఒకే నియమం వివరిస్తుంటే వాటిని అపవాదాలనడం న్యాయం కాదు. అవి మరింత లోతైన నియమానికి ఉదాహరణలు. మగది వెంటపడటం కూడా ఆ నియమానికి మరో ఉదాహరణే.

ఐదో ఆక్షేపణ: బేట్‌మన్ అంకెలున్నాయి కదా

చివరికి వాదం 1948 నాటి ఈగల దగ్గరికే చేరుతుంది. ఆ ప్రయోగం తన కాలానికి తెలివైనదే. డీఎన్‌ఏ పరీక్షలు లేని రోజుల్లో తల్లిదండ్రులను గుర్తించడానికి బేట్‌మన్ ఒక్కో ఈగకు కంటికి కనబడే ఒక్కో జన్యు వైకల్యాన్ని గుర్తుగా వాడాడు. తల్లి గుర్తు, తండ్రి గుర్తు రెండూ మోసిన పిల్ల ఈగలను బట్టే జోళ్లను లెక్కించాడు. చిక్కు అక్కడే ఉంది. రెండు వైకల్యాలూ మోసిన పిల్లలు ఎదగకముందే చనిపోయే అవకాశం ఎక్కువ. చచ్చిన పిల్లలతో పాటు కొన్ని జోళ్లూ లెక్కలోంచి జారిపోయాయి. 2012లో ప్యాట్రీషియా గోవాటీ బృందం అదే పద్ధతిని మళ్లీ ఆచరించి, ఈ లోపం లెక్కను తప్పుదారి పట్టిస్తుందని, ఆ పద్ధతితో ఆ నిర్ణయానికి రాలేమని తేల్చింది.

మరో సంగతి ఇంకా విచిత్రం. బేట్‌మన్ తన ఫలితాలను రెండు పటాలుగా విడదీశాడు. ఒకదాంట్లో జోళ్లు పెరిగితే ఆడవాటి సంతానమూ కొంత పెరిగింది. రెండోదాంట్లో పెరగలేదు. పాఠ్యపుస్తకాలకు ఎక్కువగా ఎక్కింది రెండోది. దోషమున్న పునాది మీద, అందులోనూ సగం పునాది మీద, సమస్త జంతులోకానికీ వర్తించే సూత్రం కట్టడం సాహసమే.

ఖండన హద్దులు

ఈ వాదాన్ని అవసరానికి మించి లాగడమూ తప్పే. అండం పెద్దది, శుక్రకణం చిన్నది కావడం వల్ల ఏ తేడా లేదని దీని అర్థం కాదు. ఒక జీవి ఎంత త్వరగా మళ్లీ జతకు సిద్ధం కాగలదో నిర్ణయించే అంశాల్లో అదీ ఒకటి. టిమ్ క్లటన్-బ్రాక్, అమాండా విన్సెంట్ 1991లో చెప్పినట్టు, త్వరగా సిద్ధం కాగల లింగమే సాధారణంగా పోటీ పడుతుంది. చాలా జంతువుల్లో అది మగది. రెండు మచ్చల గోబీలోనూ మగది ఒకేసారి పలు విడతల గుడ్లు కాయగలదు కనుక కాలం మొదట్లో పోటీ దానిదే అయింది. కానీ ఆ సామర్థ్యం ఒక్కటే లెక్కను తేల్చదు. ఎన్ని మగవి బతికున్నాయి, ఎన్ని గూళ్లు ఖాళీగా ఉన్నాయి, ఎన్ని ఆడవి పండిన గుడ్లతో ఉన్నాయి అన్నవీ అందులో పడతాయి. సిద్ధాంతకారులు గుర్తించిన ఈ షరతులను వదిలేసి మిగిలినదాన్ని ప్రకృతి ధర్మంగా ప్రచారం చేయడమే ఇక్కడ ఖండించదగ్గది.

మనుషుల సంగతికి ఈ చేపను సాక్షిగా పిలవడం కూడా అంతే అసంబద్ధం. మగవాడి చొరవ ప్రకృతి ధర్మమని చెప్పడానికి నెమళ్లనూ జింకలనూ పిలిచినవారి తర్కం ఎంత బలహీనమో, దానికి విరుద్ధంగా గోబీని పిలిచే తర్కమూ అంతే బలహీనం. గోబీ గోబీల గురించి చెబుతుంది. పుట్టుకతో స్థిరపడిన పాత్రలన్న మాట జంతులోకంలోనే నిలవనప్పుడు, దాన్ని అక్కడి నుంచి అరువు తెచ్చి మనిషికి అంటగట్టడానికి ఆధారం లేదు. ఈ చేప నుంచి మనిషి విషయంలో తీసుకోగల పాఠం అంతవరకే.

పరిశీలన పద్ధతికి పాఠం

తప్పు సూత్రం వల్ల నష్టం సిద్ధాంతానికే పరిమితం కాదు. కాలం మొదట్లో కొన్ని రోజులు గమనించి, దాన్నే జాతి ప్రవర్తనగా నమోదు చేస్తే జూలై ఎప్పటికీ కనబడదు. పరిశోధకులు మగవాటి రంగునే కొలుస్తూ పోతే ఆడదాని పొట్ట రంగు దశాబ్దాలపాటు లెక్కలోకి రాకుండా పోతుంది. లైంగిక వరణ అధ్యయనాల్లో చాలాకాలం జరిగింది అదే. తీరజలాలు వేడెక్కుతున్నాయి, ఎరువుల కాలుష్యంతో నాచు పెరిగి నీరు మసకబారుతోంది. మసక నీటిలో ఇసుక గోబీల జతకట్టే తీరు దెబ్బతింటుందని ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు 2004లో చూపారు. పాత్రలు స్థిరమని నమ్మితే ఇలాంటి మార్పులు కంటపడవు. అవి లెక్కను బట్టి కదులుతాయని తెలిస్తే ఎక్కడ, ఎప్పుడు, ఏది కొలవాలో తెలుస్తుంది.

కనుక ఏ జంతువు గురించైనా మగది వెంటపడుతుంది, ఆడది ఎంచుకుంటుంది అని రాసేవారు మూడు వివరాలు జోడించాలి: ఏ నెలలో, ఏ తీరంలో, సిద్ధంగా ఉన్న మగ, ఆడ జీవుల ఏ నిష్పత్తి వద్ద. ఆ మూడూ లేని వాక్యం పరిశీలన కాదు, అలవాటుగా వస్తున్న అభిప్రాయం మాత్రమే. పాఠ్యపుస్తకాలు దాన్ని ఇక సూత్రంగా అచ్చు వేయరాదు.